తప్పుడు తోక

మొన్నామధ్య ఒక పత్రికవారు నా కథని పీడీఎఫ్‌గా పంపమన్నారు. నా దగ్గరున్నది పేజ్‌మేకర్ ఫైలు. దాని పేరు చివర చుక్క, ఆ పైన పీఎమ్‌డీ అని మూడక్షరాలు. ఓస్, ఇంతేగదా అని ఆ అక్షరాలు మార్చి పీడీఎఫ్ అని కొట్టాను. కంప్యూటరు హెచ్చరించింది కూడాను. నేను వింటేగా! మర్నాడే ఫోను, "తెరుచుకోవడం లేదమ్మా" అని.

అనంతపురంలో నాకు డీటీపీ చేసిపెట్టే అమ్మాయి పకపకా నవ్వింది. "పేరు మారిస్తే లోపలుండేది మారుతుందా అక్కా? ఆ తోకను చూసి, దీన్ని దేంతో తెరవాలో కంప్యూటరు తెలుసుకుంటుంది, అంతే. పీడీఎఫ్ కావాలంటే లోపలి సరుకునే ఆ రూపంలో మళ్ళీ తయారుచేయల్ల."

నేనూ నవ్వానుగాని, ఇంటికొచ్చే దారంతా మా నాన్నే గుర్తొచ్చారు.

నా పెళ్ళి 2000లో. అంతకు ముందు ఏడు మా చెనక్కాయ చేను వాన లేక ఊడలు దిగకుండానే ఎండిపోయింది. వచ్చిన సంబంధం ఎక్కడ తప్పిపోతుందోనని నాన్న, "మా పిల్లకి వంటంతా వచ్చు, ఇల్లు తప్ప మరో ధ్యాస లేదు" అన్నారు. బి.ఏ. చదివి, నోటుపుస్తకాల నిండా కథలు రాసుకునే పిల్లకి ఆయన తగిలించిన తోక అది! దాన్ని నమ్మిన మా అత్తగారికి దొరికింది మాడిన పప్పూ, పొయ్యి పక్కన కాగితాలూ. మూడేళ్ళు ఆవిడ నాతో సరిగా మాట్లాడలేదు. తప్పంతా ఆవిడదేనని ఎన్నాళ్ళు అనుకున్నానో!

ఆ ఏడే మే నెలలో ఒక వైరస్ ఫిలిప్పీన్స్‌లో పుట్టి, ప్రేమలేఖనంటూ ఈమెయిళ్ళలో దేశదేశాలూ తిరిగింది. పేరులో టీఎక్స్‌టీ అని, అంటే ఉత్త రాతే అని కనిపించేది. ఇది తెరిస్తే పనిచేసే ప్రోగ్రామని చెప్పే వీబీఎస్ అన్న అసలు తోక దాని వెనకుంది. విండోస్ మామూలుగా చివరి తోకను చూపదు గనక చాలామందికి అది కనబడలేదు. ముచ్చటపడి తెరిచినవాళ్ళ ఫొటోలు పాడయ్యాయి, వాళ్ళ స్నేహితులందరికీ అదే ఉత్తరం వెళ్ళింది.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు కదా, కరువులో ఆడపిల్ల తండ్రికి ఆ మాత్రం తప్పా అంటారు మీరు. నిజమే, నాన్నది ద్రోహం కాదు, భయం. కానీ ప్రేమతో తగిలించినా తప్పుడు తోక తప్పుడుదే. తెరిచినవాళ్ళు మోసపోయామనుకుంటారు. లోపలున్నది మంచిదైనా చెడిపోయిందనుకుంటారు.

ఇప్పుడు మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. పెళ్ళిళ్ళ పేరయ్య బయోడేటాలో 'ఇంటిపనుల్లో దిట్ట' అని రాయమన్నాడు. దానికి టీ కాచడం కూడా సరిగా రాదు. భూగర్భజలాల లెక్కలంటే మాత్రం ప్రాణం. అదే రాశాను. "సంబంధాలు తగ్గుతాయమ్మా" అన్నాడు. గుండె గుబుక్కుమన్న మాట నిజమే. అయినా దిద్దలేదు.

మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం రెండుసార్లు చదివారు.

"మీ నాయన కూడా ఇట్లే చెప్పింటే, నీ కథలు నేను అప్పుడే చదివింటి గదమ్మా!" అన్నారు.