నడిచేవారికి దారి ఏది?

రోడ్డు ఎవరిది అని అడిగితే, అందరిదీ అని వెంటనే జవాబు వస్తుంది. కాని ఒక ఉదయమున మనము కాపురముండే వీధి మొగలో పది నిమిషములు నిలువబడి చూచినట్లయితే, ఆ జవాబు మాటవరుసకే గాని నిజము కాదని తెలుస్తుంది. కాలిబాట మీద మోటారు సైకిళ్లు నిలిచియుంటాయి. మురుగు కాలువ మీది బండ ఒకటి లేచిపోయి గుంట కనబడుతుంది. చేతిసంచితో బయలుదేరిన వృద్ధురాలు కాలిబాట దిగి లారీల ప్రక్కన నడుస్తుంది. బడికి పోయే పిల్లవాడు బస్సుకు ఆటోకు నడుమనున్న ఇరుకులో సైకిలు తొక్కుకొంటూ పోతాడు. దీనిని అసౌకర్యమని అందరూ అంటారు. ఇది అసౌకర్యము మాత్రమే కాదు, న్యాయాన్యాయములకు సంబంధించిన ప్రశ్న అని మేము చెప్పదలచుకొన్నాము.

మన తెలుగువారికి ఈ ప్రశ్న దూరమైనది కాదు. పని వెదకుకొంటూ ఈ నగరములకు వచ్చిన మన పెద్దలు కాలినడకను నమ్ముకొని బ్రదికినవారు. కోలారు బంగారు గనులు 2001లో మూతబడిన తరువాత, అక్కడి నుండి దినదినము తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరునకు పనికి పోయి, రాత్రికి ఇల్లు చేరుకొనేవారు వేలమంది. రైలు దిగిన తరువాత వారిలో అనేకులకు మిగిలిన దారి నడకయే. చెన్నైలోను బెంగుళూరులోను సూర్యోదయమునకు ముందే వీధులు ఊడ్చేవారిలో తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. ఇతరులకు రోడ్డు దాటిపోయే స్థలము. వారికి అది పనిచేసే స్థలము. వెనుక నుండి వచ్చే వాహనమును వారు చూడలేరు.

లెక్కలు చూద్దాము. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ ప్రకటించిన ప్రకారము 2022వ సంవత్సరములో మన దేశములో రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. వీరిలో కాలినడకన పోయేవారు 32,825 మంది, అనగా దాదాపు అయిదింట ఒకవంతు. దినమునకు సుమారు 90 మంది. తరగతికి 45 మంది చొప్పున రెండు తరగతుల పిల్లలను ఊహించుకొనండి. ప్రతి దినము అంతమంది.

ఇటువంటి మరణము జరిగినప్పుడు మనము రెండు మాటలు వింటాము. మొదటిది, వారి ఆయుష్షు అంతే అనే మాట. దుఃఖములో ఉన్నవారిని ఓదార్చుటకు ఆ మాట పనికివస్తే వద్దనము. అయితే దానిని కారణముగా చెప్పుటకు వీలులేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోయే వాహనము, 30 కిలోమీటర్ల వేగముతో పోయే వాహనము కంటె రెండింతలు కాదు, నాలుగింతల శక్తితో తాకుతుంది. బ్రేకు పట్టిన తరువాత ఆగుటకు కావలసిన దూరమునకు కూడ అదే లెక్క. కారు ముందుభాగము తగిలినప్పుడు నడిచే మనిషి మరణించే అపాయము, ఆ వేగము 50 నుండి 65 కిలోమీటర్లకు పెరిగితే నాలుగున్నర రెట్లు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇందులో తలరాత ఎక్కడ ఉన్నది? వేగము మనిషి ఎన్నుకొనేది. ఇంటి నుండి అంగడికి రెండు కిలోమీటర్లు అనుకొందాము. 30 వేగముతో పోతే నాలుగు నిమిషములు, 40 వేగముతో పోతే మూడు నిమిషములు. మిగిలేది ఒక్క నిమిషము. ఆ ఒక్క నిమిషము కొరకు ఎదుటివాని ప్రాణమును పందెము పెట్టవచ్చునా?

రెండవ మాట, నడిచేవారే జాగ్రత్తగా ఉండరు, ఎక్కడబడితే అక్కడ దాటుతారు అని. ఇందులో కొంత నిజము లేకపోలేదు. ఫోను చూచుకొంటూ రోడ్డు మధ్యకు పోయేవారిని మనమందరము చూస్తున్నాము. కాని నింద వేయుటకు ముందు వారికి ఏ దారి ఇచ్చామో అడగవలెను. పెద్ద రోడ్డుకు నడుమ గోడ కట్టి, దాటుటకు పైవంతెన ఎక్కమంటారు. లారీలు క్రిందుగా పోవుటకు ఆ వంతెనను 5.5 మీటర్ల ఎత్తున కట్టినారనుకొనండి. మెట్టుకు 15 సెంటీమీటర్లు చొప్పున దాదాపు 37 మెట్లు ఎక్కి, మరల 37 మెట్లు దిగవలెను. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ, నిండు గర్భిణి, చంక కర్రలతో నడిచేవాడు అది చేయలేక గోడ సందులో నుండి దాటితే, వారిని నిర్లక్ష్యపరులని ఎట్లు అనగలము? కారులో కూర్చున్నవాడు అర నిమిషము ఆగకుండుటకు, నడవలేనివాడు 74 మెట్లు నడవాలని మనము విధించినట్లయినది. బలముగలవానికి సుఖము, బలహీనునికి భారము. దీనిని సరియైన ఏర్పాటు అనుట మాకు సాధ్యము కాదు.

రోడ్డు పన్ను కట్టేవారము మేమే గదా అని వాహనములున్నవారు కొందరు వాదిస్తారు. ఆ పన్ను రాష్ట్ర ప్రభుత్వమునకు చేరుతుంది. వీధులను బాగుచేసేది నగర పాలక సంస్థ. ఇంటి పన్ను, అంగడిలో కొన్న ప్రతి వస్తువు మీది పన్ను నడిచేవారు కూడ చెల్లిస్తున్నారు. అయినను పన్నును బట్టి ప్రాణమునకు విలువ కట్టే వాదము మనకు తగదు.

ఇంకొక చిక్కు ప్రశ్న ఉన్నది. కాలిబాట ఖాళీ చేయుమంటే అధికారులు మొదట తీసివేసేది పూలమ్మే స్త్రీని, తోపుడు బండివానిని. నడిచేవారి పేరు చెప్పి బీదవాని కూడు తీసివేయుట ధర్మమా? కారు నిలుపు స్థలము 5 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు అని లెక్క కడితే 12.5 చదరపు మీటర్లు అవుతుంది. తోపుడు బండికి అందులో నాలుగవ వంతు చాలు. వీధి వ్యాపారుల కొరకు 2014లో చట్టము వచ్చినది. వారికి స్థలము చూపించవలెనని అది చెబుతున్నది. కారును కదల్చక బండిని కదల్చుట, కాలిబాటను విడిపించుట కాదు.

చట్టములు లేవని ఎవరును అనలేరు. కాలిబాట మీద అడ్డు లేకుండ నడుచుటకు కనీసము 1.8 మీటర్ల వెడల్పు ఉండవలెనని, దాని అంచు 15 సెంటీమీటర్లకు మించి ఎత్తు ఉండరాదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో నిర్ణయించినది. రోడ్డును ప్రమాణముల ప్రకారము కట్టని కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చునని 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించినారు. కాలిబాటను వాడుకొనే హక్కు రాజ్యాంగములోని 21వ అధికరణము క్రిందికి వస్తుందని సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పినది. చేయదలచుకొంటే చేయవచ్చునని కూడ చూచినాము. బెంగుళూరులో సెయింట్ మార్క్స్ రోడ్డు, రెసిడెన్సీ రోడ్డు మొదలైనచోట్ల విశాలమైన కాలిబాటలు కట్టినారు. చెన్నైలో పాండీ బజారును 2019లో నడిచేవారికి అనుకూలముగా మార్చినారు. సంతోషమే. అయితే ఇవి పెద్ద అంగళ్లున్న వీధులు. షికారుగా నడిచేవారికి మంచి బాట, పనికి నడిచేవారికి గుంటల బాట అయితే అదియు న్యాయము కాదు.

గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినవారి మీద కేసు ఉండరాదని, పేరు చెప్పమని వారిని బలవంతపెట్టరాదని కూడ 2019 సవరణలోను, దాని క్రింద చేసిన నియమములలోను ఉన్నది. ఆ సహాయకునికి చట్టము పెట్టిన పేరే గుడ్ సమరిటన్, మనము ఎరిగిన మంచి సమరయుడు. కనుక పోలీసులకు భయపడి తొలగిపోవుటకు ఇక సాకు లేదు. అయితే బాప్టిస్టు బోధకుడైన మార్టిన్ లూథర్ కింగ్ 1967 ఏప్రిల్ 4న న్యూయార్కులో ప్రసంగిస్తూ, దారి ప్రక్కన పడినవానిని ఆదుకొనుట మొదటి మెట్టు మాత్రమేనని, మనుష్యులు అట్లు దెబ్బలు తినకుండునట్లు ఆ యెరికో మార్గమే మారవలెనని చెప్పినాడు. ఆయన సమాజములోని బీదరికమును గూర్చి మాట్లాడినాడు. మన వీధుల విషయములో ఆ మాటను ఉన్నది ఉన్నట్లుగానే తీసికొనవచ్చును.

దారి మారుట మన గుమ్మము దగ్గర మొదలుకావలెను. బండి ఎక్కుటకు ఇంటి ముందు కట్టిన సిమెంటు వాలు కాలిబాటను మ్రింగివేస్తున్నదా? ఆరాధనకైనను, పెండ్లికైనను వచ్చినవారి వాహనములు నడిచేవారి బాట మీద నిలుస్తున్నవా? లైసెన్సు లేని కుమారునికి ముద్దుగా బండి తాళము ఇస్తున్నామా? ఇవి పాపములని ఎవరును పేరు పెట్టరు. కాని ప్రమాదము జరుగుటకు ఎంతో ముందుగానే దానికి చోటు సిద్ధము చేసేవి ఇవే.

మన సంఘములలో చదువుకొన్న యౌవనస్థులు ఉన్నారు. ఒక ఆదివారము మధ్యాహ్నము వారు ఒక వృద్ధురాలిని, ఒక బడిపిల్లవానిని వెంటబెట్టుకొని పేటంతా నడిచి చూడవలెను. ఎక్కడ బండ లేదు, ఎక్కడ దీపము వెలగదు, ఎక్కడ దాటుటకు గీతలు చెరిగిపోయినవి అని వ్రాసికొని, ఆ ప్రాంతపు భాషలో అర్జీ తయారుచేసి, అన్ని మతములవారి సంతకములతో వార్డు కార్యాలయములో ఇచ్చి రశీదు తీసికొనవలెను. ఒక్కసారితో పని కాదు. నెలనెలా పోయి అడుగుతూ ఉండవలెను. రాబోవు కూడికలలో పెద్దలు ఈ సంగతిని చర్చకు పెట్టవలెనని మా మనవి.