పళ్ల పెట్టె, పుస్తకాల అర

కాశ్మీరు నుంచి ఆపిల్ పళ్లను మోసుకొచ్చే చెక్క పెట్టెలు ఎక్కువగా పోప్లార్ కర్రతో చేసినవి. తేలిక కర్ర, మేకు సులువుగా దిగుతుంది. పళ్లు అమ్ముడుపోయాక ఖాళీ పెట్టె కొద్ది డబ్బుకే దొరుకుతుంది. గోడకు బిగిస్తే అందమైన పుస్తకాల అర.

ముందు దాన్ని ఎండలో బాగా ఆరబెట్టాలి. పొడుచుకొచ్చిన మేకులు పీకి, చేతికి పేళ్లు గుచ్చుకోకుండా ఉప్పు కాగితంతో రుద్ది, వార్నిష్ పూయాలి.

అసలు సంగతి బరువు. అడుగు పొడవున పేర్చిన పుస్తకాలు 10 కిలోల దాకా తూగవచ్చు. పెట్టె వెనక పలకలు పల్చన. వాటికే స్క్రూ బిగిస్తే తల చీల్చుకుని బయటికొస్తుంది. అందుకే లోపల, పైఅంచు కింద, 2 అంగుళాల వెడల్పున్న గట్టి బద్ద ఒకటి అడ్డంగా బిగించాలి. స్క్రూలు ఆ బద్దలోంచే గోడలోకి పోవాలి.

గోడకు రంధ్రం వేస్తున్నప్పుడు రాలే పొడిని గమనించాలి. మొదట బూడిదరంగులో రాలేది ప్లాస్టరింగు. మట్టి ఇటుక తగలగానే పొడి ఎర్రబడుతుంది. పట్టు దొరికేది అక్కడే. రంధ్రంలోని దుమ్ము ఊదేసి, ప్లగ్ దిగగొట్టి, వాషర్ వేసి స్క్రూ బిగించాలి. రెండు రంధ్రాల ఎత్తు సరిచూడటానికి మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు చాలు.

స్నానాల గదిని ఆనుకున్న గోడ మాత్రం వద్దు. చెమ్మ ఉన్నచోటికి చెదలు వస్తాయి, పెట్టెతో ఆగవు.