తాడు మీద పైలం, అల్లుడా

అల్లుడా, మిన్నెసోటాల చెరువు గట్టున ఇల్లు కొన్నవు, పడవ కొన్నవు, ఆ పడవను నీళ్ల మీదికి లేపి నిలబెట్టే లిఫ్టు సుత కొన్నవు. సంతోషం. మైలార్‌దేవ్‌పల్లిల మాకు చెరువంటే 2020 అక్టోబరు వానకు పల్లె చెరువు పొంగి ఇండ్ల మీద పడ్డదే యాదికొస్తది. పడవల ముచ్చట మాకు తెల్వదు. లిఫ్టుల ముచ్చట తెలుసు. కాటేదాన్ షెడ్లల్ల చైన్ పుల్లీలు, వించుల పక్కనే నా నౌకరీ అంత గడిచింది. పక్కన అన్న, కింద అనలే. లేపిన బరువు కింద నువ్వు నిలబడకు, పోరగాండ్లను నిలబడనియ్యకు.

లిఫ్టు పాణమంత వైరురోపులనే ఉంటది. చూడాల్నంటే ముందు పడవ దించి పక్కకు పెట్టు. చేతులకు తొడుగులేసుకొని, పాత గుడ్డతోని తాడును కొసాకు తుడుచుకుంట పో. గుడ్డ ఏడ తట్టుకుంటే ఆడ తీగ తెగినట్టు. పుల్లీ మీద వంగే జాగ ఇంకా మంచిగ చూడు. పడవ లేపి ఉన్నన్ని దినాలు తాడు అదే తావున వంగి బరువు మోస్తది, ముందుగాల తెగేది ఆడనే. పేట ఒక్క చుట్టు తిరిగేంత పొడుగుల ఆరు తీగలు తెగినా, ఒక్క పేటలనే మూడు తెగినా క్రేనోళ్లు ఆ తాడు పీకి పారేస్తరు. నువ్వు అంతదాక ఆగకు. స్టెయిన్‌లెస్ తాడు మెరుపు చూసి మోసపోకు. గాల్వనైజుది తుప్పుపట్టి చెప్తది, ఇది లోపల్లోపల అలిసి చెప్పకుంటనే తెగుతది. కొసకు యు-బోల్టు క్లాంపులుంటే దిమ్మె బరువు మోసే తాడు దిక్కు, యు-బోల్టు తోక దిక్కు ఉండాలె. తిరగేసి బిగిస్తే ఆ బోల్టే తాడును నలిపేస్తది.

కచ్చులూరు కాడ 2019 సెప్టెంబరు 15న మునిగిన రాయల్ వశిష్ఠ పడవను ధర్మాడి సత్యం మనుషులు అక్టోబరు 22న గోదావరిలకెళ్లి తీసిండ్రు. మొదట్ల తాడు తెగింది. అందరు పడవ కోసం చూస్తుంటే నేను టీవీల తాడు చుట్టుపట్ల మనుషులను చూసిన. తెగిన తాడు ఎటు ఎగురుతదో ఎవ్వలకు తెల్వదు.

నూనె అన్నింటికి మంచిదనుకోకు. తాడుకు, పుల్లీ ఇరుసుకు పెట్టు. వించు బ్రేకు పలకలకు మాత్రం చుక్క తగలనియ్యకు, జారితే పడవ ఆగదు. హ్యాండిల్ వదిలేసి గిర్రున తిరగనియ్యకు, మోచెయ్యి ఇరుగుతది. పడవ లేపినంక అడుగు బిరడ తీసిపెట్టు. వాననీళ్లు వెయ్యి లీటర్లు నిండితే టన్ను బరువు, లిఫ్టు దాన్ని మోస్తదని కొనలే కద. మోటరుంటే కరెంటు పని నీ చేతులతోని చెయ్యకు, ఆడి ఎలక్ట్రీషియన్‌ను పిలువు. చెరువు నీళ్లల్ల లీకైన కరెంటు మనిషిని పట్టేస్తది.

చలికి ముందు లిఫ్టును గట్టుకు తెచ్చుకోవాలె. గడ్డకట్టిన నీళ్లు కాళ్లను వంచుతయి. చదును నేల చూసి, కాళ్ల కింద చెక్కలు పెట్టి, పడవ ఆనే తొట్టెను అంత కిందికి దించి కట్టు. పైకప్పు గుడ్డ విప్పు, లేకుంటే మంచు బరువుకు ఫ్రేము వంగుతది. ఇంకొక ముచ్చట. ఒక చెరువుల వాడిన లిఫ్టును ఇంకో చెరువుల దించాల్నంటే ముందు 21 రోజులు ఎండబెట్టాలని మీ రాష్ట్రం కాయిదా. దానికి అంటుకున్న ఆలుచిప్పల పిల్లలు పక్క చెరువును పాడుచేస్తయి. సెకండ్‌హ్యాండుది కొన్నా గంతే.

ఈ అయితారం పడవ ఫొటో వద్దు గని, పుల్లీ కాడ తాడు తుడిచి, ఆ వంగిన జాగను దగ్గరి నుంచి ఫొటో తీసి పంపు. దూరంనుంచి తీస్తే తీగలు కనబడయి.