మర్రిగింజ, తాండూరు బండ

నేల మీద నిమ్మరసం ఒలికితే వెంటనే తుడిచెయ్యాలని తాండూరులో ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. ఆలస్యమైతే బండ నునుపు పోయి మచ్చ మిగిలిపోతుంది. తాండూరు బండ సున్నపురాయి. పులుపు తగిలితే కరుగుతుంది. బండను నూరి, ఆ పొడి మీద నిమ్మచెక్క పిండితే సన్నటి బుడగలు లేవడం మూడో తరగతి పిల్లలకూ కనిపిస్తుంది. ఊరి చుట్టూ గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగేది ఆ రాయి వల్లే. అయినా ఆ బుడగల సంగతి చాలామంది పిల్లలకు ఎప్పుడో హైస్కూల్లో, ఊరితో సంబంధం లేని ఒక సమీకరణంగా పరిచయమవుతుంది.

బండముక్కను ప్రాథమిక పాఠశాలలోకి తెచ్చుకోవడం బోధనా పద్ధతికి సంబంధించిన విషయంలా కనిపిస్తుంది. లోతుకు వెళితే అది తాత్విక ప్రశ్న. జ్ఞానం ఒకరు ఇస్తే వచ్చేదా, ఎవరికి వారు కనుక్కోవలసిందా?

ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఈ ప్రశ్నకు ఒక తండ్రి చెప్పిన జవాబుంది. శ్వేతకేతువు పన్నెండేళ్లు గురుకులంలో చదివి, ఇరవై నాలుగేళ్ల వాడై, అంతా తెలుసన్న గర్వంతో ఇంటికొస్తాడు. తండ్రి ఉద్దాలకుడు అతన్ని కూర్చోబెట్టి ఉపన్యాసం దంచలేదు. మర్రిపండు తెమ్మన్నాడు. పగలగొట్టమన్నాడు. లోపల సన్నటి గింజలు. ఒక గింజను చీల్చమన్నాడు. అందులో ఏమీ కనిపించలేదు. కంటికి ఏమీ కనిపించని ఆ చోటు నుంచే అంత పెద్ద చెట్టు లేచిందని అప్పుడు చెప్పాడు. మరోసారి రాత్రి నీళ్లలో ఉప్పు వేయించి, తెల్లవారి ఆ ఉప్పు తీసివ్వమన్నాడు. దొరకలేదు. నీళ్లను పైనుంచి, నడిమి నుంచి, అడుగు నుంచి రుచి చూడమన్నాడు. బ్రహ్మవిద్యంతటి పాఠానికి వాడిన సామగ్రి ఒక పండు, చిటికెడు ఉప్పు.

ఆ అధ్యాయంలోనే ఇంకో ప్రయోగముంది. దాని గురించి చెప్పుకునేవాళ్లు తక్కువ. పదిహేను రోజులు అన్నం మానేసి నీళ్లు మాత్రమే తాగమంటాడు తండ్రి. ఆ తర్వాత వేదం చెప్పమంటే కొడుకు నోట ఒక్క ముక్క రాదు. తిన్నాక అన్నీ గుర్తొస్తాయి. ఆకలికీ చదువుకూ ఉన్న లంకెను ఇంత సూటిగా చూపిన పాఠం మరొకటి దొరకడం కష్టం. ఉమ్మడి రాష్ట్రంలో 2003 నుంచి బడిలో వండి పెడుతున్న మధ్యాహ్న భోజనాన్ని పథకంగానే కాక చదువులో భాగంగా చూడాలనడానికి ఇంతకన్నా పాత సాక్ష్యం అక్కర్లేదు.

కాబట్టి చేసి నేర్చుకోవడం పరాయి దేశపు సరుకన్న మాట నిలవదు. 1984లో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కృత్యాలను, బృందాల్లో పనిని, స్థానిక పరిసరాల వాడకాన్ని, పిల్లలు చేసిన పనిని గోడల మీద ప్రదర్శించడాన్ని టీచర్లకు సూత్రాలుగా నేర్పింది. డబ్బు బయటి నుంచి వచ్చినా ఆ ఆలోచన ఈ నేలకు కొత్త కాదు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ దాన్నే చట్టంగా మార్చింది. కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్చుకోవాలని, పిల్లలు భయం లేకుండా ఉండాలని, వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలని అందులో ఉంది.

అలాగని కంఠస్థాన్ని తీసిపారేయడం అన్యాయం. వేదపాఠశాలలో స్వరం తప్పకుండా వల్లె వేసే పిల్లవాడూ, మదర్సాలో ఖురాన్ కంఠతా పట్టే పిల్లవాడూ తక్కువ పని చేయడం లేదు. ఏటా నవంబరులో ధారూరు క్రైస్తవ జాతరలో పాడే పిల్లలకు ఆ పాటలు గుండెల్లో ఉంటాయి. ఎక్కాలూ అంతే. చెడగొట్టేది కంఠస్థం కాదు, తప్పు చెబితే దెబ్బ పడుతుందన్న భయం. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి విద్య గురించి మాట్లాడినప్పుడల్లా భయం దగ్గరికే వచ్చేవారు. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. రంగు అట్టల మీద బొమ్మలన్నీ టీచరే అంటించి, పిల్లలు చేతులు కట్టుకుని చూస్తూ కూర్చుంటే అది కూడా పాత పాఠమే.

వికారాబాద్ పక్కనే అనంతగిరి ఉంది. భక్తులు అక్కడికి అనంత పద్మనాభస్వామి దర్శనానికి వస్తారు. ఆ కొండల్లో కురిసిన వాన కొంత మూసీగా తూర్పున హైదరాబాదుకు, కొంత కాగ్నాగా తాండూరు మీదుగా కర్ణాటకలోని భీమాకు పోతుంది. చివరికి రెండూ కృష్ణలోనే కలుస్తాయి. బడి ఆవరణలో ఇసుక కుప్ప పోసి, పైనుంచి చెంబెడు నీళ్లు వంపితే నీళ్లు ఎందుకు చీలతాయో పిల్లలే చెబుతారు. పూర్తిగా సర్కారు డబ్బుతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం అంటుంది. అది సబబే. ఆ కొండను చూసి కలిగే ఆశ్చర్యానికి మాత్రం ఏ అధికరణమూ అడ్డు రాదు.

మర్రిగింజ దగ్గర ఉద్దాలకుడు కొడుకును శ్రద్ధ ఉంచమని అడిగాడు. ప్రాథమిక బడిలో ఆ శ్రద్ధ ముందుగా టీచరు వైపు నుంచి రావాలి. ఇంట్లో లంబాడీ, కన్నడ, ఉర్దూ మాట్లాడే పిల్ల మొదటి నెలలో నోరు మెదపకపోతే, ఆమెకు తెలియదనుకోకుండా, తెలిసింది చెప్పే దారి దొరకలేదని నమ్మాలి. రుజువు రాకముందే నమ్మడం కనుక అది విశ్వాసమే.

గనిలో కూలికి పోయే తండ్రికి కావలసింది కూతురికి చదవడం, రాయడం రావడం. ఆ కోరిక న్యాయమైంది. 2022 ఆగస్టులో తెలంగాణ మొదలుపెట్టిన తొలిమెట్టు కూడా ఆ పునాది కోసమే. బుడగలు చూసిన పిల్ల ‘నిమ్మకాయ’, ‘బండ’, ‘నురగ’ అని పలక మీద రాస్తే ఆ తండ్రి కోరికా తీరుతుంది. కానీ ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లున్న చోట ఒకరు ఇసుక కుప్ప దగ్గరుంటే మిగతా తరగతులను చూసుకోవడానికి ఇంకొకరే మిగులుతారు. రిషివ్యాలీ గ్రామీణ బడులు ఇందుకోసమే కార్డుల పద్ధతిని తయారుచేశాయి. పిల్లలు ఎవరి వేగంతో వాళ్లు ఒక్కో కార్డూ తీసుకుని ముందుకు పోతారు. తమిళనాడు ఆ దారిని తన సర్కారు బడులకు తీసుకెళ్లింది. తాండూరు చుట్టుపక్కల ఊళ్లకు ఆ కార్డులూ కావాలి, మూడో టీచరూ కావాలి.