లేమిని ఎరుగు విధము

ఒక వస్తువు కనబడలేదను మాత్రమున అది లేదని నిశ్చయింపవచ్చునా యను ప్రశ్న మన శాస్త్రకారులను శతాబ్దములుగా వేధించినది. నేలపై కుండ లేదను జ్ఞానము కంటివలననే కలుగునని నైయాయికులును, అనుపలబ్ధి యను వేఱొక ప్రమాణమువలన కలుగునని కుమారిలభట్టు మతస్థులును వాదించిరి. ఎవరి వాదము నెగ్గినను, ఉభయులకును సమ్మతమైన నియమ మొకటి గలదు: ఉండియుండినచో తప్పక కనబడియుండెడిదని చెప్పదగిన తావుననే కనబడకపోవుట లేమికి సాక్ష్యమగును. చీకటిగదిలో కుండ కనబడలేదన్నంత మాత్రమున కుండ లేదనుట చెల్లదు.

ఈ నియమమునకు గల పదును, లినక్స్ కంప్యూటరును వైఫై యాక్సెస్ పాయింటుగా మార్చబూనినవానికి తెలిసినంతగా తర్కము వల్లించినవానికి తెలియదేమో! అచట రేడియోను హోస్ట్‌ఏపీడీ నడుపును; వచ్చి చేరిన ఫోనులకు డీఎన్‌ఎస్‌మాస్క్ ఐపీ అడ్రసుల నిచ్చును. నెట్‌వర్క్ పేరు కనబడినది, పాస్‌వర్డు సరిపోయినది, అయినను అడ్రసు కొఱకు వేచియున్నట్లు తెలుపు మాటయే ఫోను తెరపై నిలిచిపోయినది. డీఎన్‌ఎస్‌మాస్క్ లాగ్ తెఱచిచూడగా అడ్రసు కోరుచు ఫోను పంపవలసిన డీహెచ్‌సీపీ అభ్యర్థన జాడయే లేదు. తొందరపాటువాడు ఫోను అడుగనే లేదని అక్కడికక్కడే తీర్పుచెప్పి, చానెళ్లు మార్చి, డ్రైవరు మార్చి, పూటంతయు వ్యర్థపుచ్చును. నిదానించువాడు అదే వైర్‌లెస్ ఇంటర్‌ఫేస్‌పై, ప్యాకెట్లను పట్టి చూపు టీసీపీడంప్‌ను నడిపి చూడగా, అభ్యర్థన మాటిమాటికిని వచ్చుచునే యుండును! టీసీపీడంప్ లోనికి వచ్చు ప్యాకెట్టును ఫైర్‌వాల్‌కంటె ముందే చూచును. డీఎన్‌ఎస్‌మాస్క్‌కు అందునది ఫైర్‌వాల్ దాటనిచ్చినదే. నడుమ ఆ అభ్యర్థన చేరవలసిన 67వ యూడీపీ పోర్టు మూయబడియున్నది. లాగ్ అసత్యమాడలేదు, దానికి చూచు యోగ్యతయే లేకపోయినది.

తర్కసంగ్రహకర్తయు, ఆంధ్రుడును అగు అన్నంభట్టు అభావమును నాలుగు తెఱగులుగా విభజించెను. ఏ తెఱగుదైనను అభావము దేనిదో ఒకదానిదై యుండవలయును; కుండ యొక్క లేమి నేలపై నున్నట్లు, దానికొక తావును చెప్పవలయును. లాగ్‌లోని లేమిని గాలిలోని లేమిగా గ్రహించుట తావు తప్పిన జ్ఞానము. పోర్టు తెఱచినపిమ్మట అడ్రసు వచ్చియు పుటలు తెఱచుకొనకున్నచో, ఈసారి బయటివైపు ఇంటర్‌ఫేస్‌ను చూడవలయును. కెర్నెల్ ప్యాకెట్లను దాటించుచున్నచో అవి అచట కనబడక తప్పదు గనుక, అచట కనబడకపోవుట నిక్కమైన ప్రమాణమే. ఆ దాటింపును శాసించు ఐపీ ఫార్వర్డింగ్ విలువ 0గా నున్నదా యని అప్పుడు చూచుట న్యాయము.

ఈ వివేకమునే 10వ శతాబ్దికి చెందిన ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరుని విషయమున ప్రయోగించెను. ఈశ్వరుడు కనబడడు గనుక లేడనువారికి ఆయన యిచ్చిన సమాధానము, కనబడుటకే యోగ్యము కానిదానిని కనబడలేదని త్రోసిపుచ్చరాదని. ఇది నిర్దుష్టమైన వాదమే గాని, నేటి భక్తులలో కొందఱు దీనిని ఈశ్వరసిద్ధిగా చాటుట నాకు రుచింపదు. ఇది తలుపు మూయకుండ ఆపినదే గాని లోపల నెవరున్నారో చూపలేదు. అది ఎఱిగియే ఉదయనుడు ఈశ్వరసాధనకు వేఱుగా అనుమానములను కూర్చుకొనెను. అయినను కంప్యూటరు ముందు కూర్చున్నవానికి లాగ్ చాలనపుడు టీసీపీడంప్ ఉన్నది. యోగులకు అట్టి చూపు గలదని నైయాయికులు చెప్పుదురు. ఆ చూపును తనకును కలిగింపుమని, ప్రత్యక్షమునే నమ్ము చార్వాకుడు అడిగినచో, ఆ కోరికను అవివేకమని నేను అనజాలను.