గోడరంగు ఎవరి కన్నులకు?

ఇల్లు కట్టునప్పుడు పునాదికి కొలతయు, ద్వారబంధమునకు ముహూర్తమును, దూలమునకు లెక్కయు విచారింతుము. రంగు దగ్గఱకు వచ్చుసరికి మాత్రము "ఏది అందముగా నున్న నది వేయింపుడు" అని తేలికపడుదుము. అందము ఎవరి కన్నులకు అని అడుగువారు అరుదు. ఇది రంగులవానితో తేలిపోవు ముచ్చట కాదనియు, ఇంటిలోని న్యాయాన్యాయములకు సంబంధించిన ప్రశ్న యనియు నాకు ఇటీవలనే బోధపడినది.

కామారెడ్డి 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన నిజామాబాదు జిల్లానుండి వేఱుపడిన క్రొత్త జిల్లాకు ముఖ్యపట్టణము. అచ్చట ఒక మిత్రుడు ఇల్లు కట్టించి నన్ను భోజనమునకు పిలిచెను. ముందుగది చూడముచ్చటగా నున్నది. గోడలన్నియు లేతగులాబి వన్నె. రెండు పెద్ద కిటికీలు. నేను మనసార మెచ్చుకొంటిని. భోజనానంతరము చేయి కడుగుకొనుటకు వంటయింటి మీదుగా పెరటిలోనికి పోవుచు అచ్చటి గోడలను చూచితిని. ఒకటే చిన్న కిటికీ. నేలనుండి కప్పువఱకు ముదురు గోధుమవన్నె. పట్టపగలు దీపము వెలుగుచున్నది. గృహిణి నా చూపును కనిపెట్టి, "మసి కానరావద్దని ఈ రంగు ఏయించిండ్రన్నా. గని బియ్యంల రాళ్లు సుత కానొస్తలేవు" అని నవ్వెను.

నేను ఆ ముందుగదిలో కూర్చున్నది ఒక గంట. ఆమె ఆ వంటయింట నిలుచునది దినమునకు ఐదాఱు గంటలు. గంటసేపటి చుట్టమునకు గులాబివన్నెయు, జీవితకాలపు నివాసికి చీకటియు పంచిన ఈ పంపకమును ఏమందుము?

రంగనగా వెలుతురును పంచుటయే. తెల్లని గోడ తనపై బడిన వెలుతురులో నూటికి సుమారు 80 పాళ్లు తిరిగి గదిలోనికే పంపును. ముదురు గోధుమవన్నె గోడ పది పదిహేను పాళ్లు పంపి తక్కినది తానే మ్రింగును. కావున పెద్ద కిటికీలుగల గది ముదురురంగును ఓర్చుకొనును. చిన్న కిటికీగల గది ఓర్వజాలదు. నా మిత్రుని ఇంట ఈ క్రమము తలక్రిందైనది. ఏ దిక్కు గదికి ఏ వన్నె తగునో చెప్పు వాస్తువేత్తలు ఊరూర గలరు. ఆ గదిలో ఎవరు ఎంతసేపు ఉందురని అడిగినవారిని మాత్రము నేను చూడలేదు.

మఱునాడు అదే జిల్లాలోని ఎల్లారెడ్డికి పనిమీద పోయి, ఒక పాత గూనపెంకుల ఇంట కొంతసేపు కూర్చుంటిని. గోడల అడుగున మోకాలెత్తువఱకు ఎఱ్ఱని జాజు. దానిపైన వాసముల దాక సున్నము. బతుకమ్మ పండుగకు ముందు ఇంటి ఆడవారే అలికి పూసుకొందురని ఆ ఇంటి ముదుసలి చెప్పెను. వానజల్లును, బురదకాళ్లును, పిల్లల చేతులును తగులుచోట మరకను దాచు జాజు. కన్నులకు వెలుతురు కావలసినచోట సున్నము. సున్నము క్షారగుణము గలది గనుక బూజును త్వరగా పట్టనీయదు కూడ. నా మిత్రుడు మసికి జడిసి వెలుతురును పోగొట్టుకొనెను. వీరు రెంటికిని చోటు చూపిరి. చీపురు పట్టిన చేతులే కుంచెయు పట్టుటచే ఈ తెలివి కుదిరినది.

పాతకాలమును పొగడుట నా యుద్దేశము కాదు. ఆ ఇంటను పొగ యున్నది. ఏటేట వచ్చు ఆ పూతపని ఆడవారి నడుములనే విఱుచును. నేను మెచ్చునది ఆ శ్రమను కాదు, రంగు నిర్ణయించు అధికారము ఆ గదిలో బ్రదుకువారి చేతిలో నుండుటను.

అతిథిని గౌరవించుట ధర్మము కాదా యని కొందఱు అడుగవచ్చును. ధర్మమే. కాని అతిథి గౌరవము వేఱు, అతిథి యెదుట మన గౌరవము వేఱు. కామారెడ్డికి చేరువనున్న దోమకొండ గడి 2022లో యునెస్కో వారి ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారము నందినది. సంస్థానాధీశుల గడిలో కొలువుకూటము నలంకరించుటకు కారణము గలదు. వచ్చినవారికి ప్రభుత్వము కనబడవలెను. నాలుగు గదుల సంసారికి ఆ యక్కఱ యేమి? మనమందఱము ముందుగదిని చిన్న దర్బారు చేసి, వెనుకగదులలో ప్రజలవలె బ్రదుకుచున్నాము.

అడుగబడనివారు ఇంట ఇంకను గలరు. పూర్వము మెఱయు పసుపుపచ్చ రంగులలో సీసము విరివిగా కలిసెడిది. పెచ్చులూడిన రంగును నోట బెట్టుకొను శిశువు బుద్ధివికాసమునకు అది హాని. మనదేశమున 2016లో చేసిన నియమములు 2017 నవంబరు 1 నుండి అమలునకు వచ్చి, ఇంటిరంగులలో పదిలక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసముండరాదని శాసించినవి. అంతకు ముందు పూసిన గోడలు నేటికిని ఉన్నవి. వానిని పొడిగా గీకించి ఆ ధూళిని పిల్లలపై చల్లకుండుట తల్లిదండ్రుల విధి.

నా మిత్రునితో ఇదంతయు చెప్పితిని. అతడు నొచ్చుకొని, "నేను అడుగలేదనుకొన్నావా? నీ ఇష్టమే నా ఇష్టమన్నది" అనెను. అతడు అబద్ధమాడలేదు. కాని చిన్ననాటినుండి తన యిష్టమునకు వెల లేదని నేర్చినవారిని ఒక్కసారి అడిగి, వచ్చిన జవాబును అంగీకారముగా వ్రాసికొనుట అడుగుట యగునా? అంగడిలో రంగుల చీటీ చూపి అడిగిన చాలదు. ఆ గది గోడమీదనే రెండు మూడు వన్నెలను జానెడేసి పూయించి, ఉదయము, సాయంకాలము, దీపము వెలుగున ఆమెనే చూడనిచ్చి, నాలుగు దినములు ఓపిక పట్టవలెను. ఆమె కోరినది మనకు నచ్చనప్పుడు కూడ దానినే వేయించినచో, అప్పుడు అడిగినట్లు.

చదువరులారా, ఈ యేడు మీ ఇంటికి రంగు వేయింపదలచినచో పనిని వంటయింటినుండి మొదలుపెట్టింపుడు. తరువాత ముసలివారి గది, ఆ పిమ్మట పిల్లల గది. డబ్బు చాలక ముందుగది మిగిలిపోయినను చింతలేదు. వచ్చిన చుట్టము గంటలో లేచిపోవును.