చిన్న కారు, పెద్ద ప్రశ్న

ఏ పనికైనా ఒక ప్రయోజనం ఉండాలని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ప్రయోజనం లేని పని చేసేవాణ్ణి చూసి ఈగలు తోలుకుంటున్నాడంటాం, గోళ్లు గిల్లుకుంటున్నాడంటాం. మరి, మనిషిని ఎక్కించుకోలేని, అడుగు దూరమైనా తనంతట తాను నడవలేని, అరచేతిలో ఇమిడిపోయే కారును తయారు చేయడానికి నెలరోజుల సాయంత్రాలు వెచ్చించేవాణ్ణి ఏమనాలి? అతడు కాలాన్ని సద్వినియోగం చేస్తున్నాడా, దుర్వినియోగం చేస్తున్నాడా? పైకి ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కాని మనిషి ఎందుకోసం పని చేస్తాడు, ఆటకు జీవితంలో చోటెంత అనే పెద్ద ప్రశ్నలు దీని వెనుకే ఉన్నాయి.

మామిడిపల్లి, శంషాబాద్ ప్రాంతాల్లో ఉండేవారికి ఈ ప్రశ్న మరింత సూటిగా తగులుతుంది. ఇక్కడ 5,000 ఎకరాలకు పైగా విస్తీర్ణంలో కట్టిన విమానాశ్రయం 2008 మార్చి 23న రాకపోకలకు తెరుచుకుంది. ఆనాటి నుండి కారు మన ఇళ్లలో చాలామందికి అన్నం పెట్టే సాధనమైంది. ఒక డ్రైవరు కుటుంబాన్ని ఊహించుకోండి. తండ్రి రాత్రంతా విమానాశ్రయానికి ప్రయాణికులను చేరవేసి తెల్లవారి ఇల్లు చేరాడు. కారు మీద బ్యాంకు అప్పుంది, నెలనెలా కిస్తీ కట్టాలి. ఇంట్లో చూస్తే కొడుకు బల్ల మీద అట్టముక్కలు, బ్లేడు, జిగురు సీసా పరచుకుని, తండ్రి నడిపే కారునే చిన్నదిగా చేస్తున్నాడు. పుస్తకం మూసి ఉంది. తండ్రికి కోపం వస్తుంది. ఆ కోపంలో న్యాయం లేదనగలమా? కొడుకు సంతోషంలో విలువ లేదనగలమా?

మొదట ఒక అపోహ తొలగించుకుందాం. ఇది పాశ్చాత్య దేశాల నుండి వచ్చిన వింత సరదా అని కొందరనుకుంటారు. నిజమే, పెట్టెలో ప్లాస్టిక్ భాగాలుగా వచ్చే నమూనా కార్లు అక్కడివే. కాని జొన్న బెండుతో ఎడ్లబండి చేసి దారం కట్టి లాగని పల్లెటూరి పిల్లవాడు ఒకప్పుడు ఉన్నాడా? తాటిబుర్రలు చక్రాలుగా, పంగల కర్ర పట్టుకుని వీధులన్నీ తిరిగినవారు ఈనాటి తాతలే గదా! అరిగిపోయిన హవాయి చెప్పులను గుండ్రంగా కోసి చక్రాలు చేసినవారూ ఉన్నారు. కొండపల్లి కళాకారులు తెల్లపొనికి కర్రను చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో భాగాలను అతికి, ఎడ్లబండ్లను ఎప్పటినుంచో చేస్తూనే ఉన్నారు. పెద్ద బండిని చూసిన చేయి చిన్న బండిని చేయాలనుకోవడం మానవ సహజం.

ఇంగ్లండులో 1953లో మొదలైన మ్యాచ్‌బాక్స్ బొమ్మకార్ల కథ కూడా ఇలాంటిదే. అగ్గిపెట్టెలో పట్టే బొమ్మ అయితేనే బడికి తేవాలని నియమం ఉన్నందున, జాక్ ఓడెల్ అనే ఇంజినీరు తన కూతురి కోసం అగ్గిపెట్టెలో ఇమిడే చిన్న రోడ్డు రోలరు చేశాడని చెబుతారు. ఒక తండ్రి చేతిపనిలో నుండి ఒక పరిశ్రమ పుట్టింది.

ఇక తాత్త్విక విషయానికి వద్దాం. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో తన 'రిపబ్లిక్' గ్రంథంలో ఒక మంచాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. మంచం అనే భావన మొదటిది, వడ్రంగి చేసిన మంచం రెండవది, చిత్రకారుడు గీసిన మంచం మూడవది. ఈ మూడవది సత్యానికి బహుదూరం, ఎందుకంటే చిత్రకారునికి మంచం చేయడం తెలియదు, అది కనిపించే తీరు మాత్రమే తెలుసు అన్నాడు. ఈ లెక్కన నమూనా కారు కూడా నకలే. నకలు కోసం శ్రమపడడం దేనికి?

ప్లేటోకు సమాధానం చెప్పాలంటే ఆ నకలు ఎలా తయారవుతుందో చూడాలి. అంబాసిడర్ కారును తీసుకుందాం. 2014లో ఉత్తరపారాలో దాని తయారీ ఆగిపోయింది. అసలు కారు పొడవు సుమారు 4.3 మీటర్లు. 24వ వంతు కొలతలో చేస్తే 18 సెంటీమీటర్లు, 43వ వంతులో చేస్తే 10 సెంటీమీటర్లు వస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకే నిష్పత్తిలో తగ్గాలి. ఒక్కటి తప్పినా చూసేవాడు "ఎక్కడో తేడాగా ఉంది" అంటాడు. ఆ తేడా ఎక్కడుందో చేసేవాడే వెదికి పట్టుకోవాలి.

అయితే అన్నిటినీ 24తో భాగిస్తే సరిపోతుందా? సరిపోదు. అసలు కారు మీద రంగు మందం సుమారు మిల్లీమీటరులో పదవ వంతు. దాన్ని 24తో భాగిస్తే వచ్చే పలుచని పొరను ఏ కుంచె వేయగలదు? బరువు సంగతి ఇంకా చిత్రం. పొడవు 24 రెట్లు తగ్గితే ఘనపరిమాణం 13,824 రెట్లు తగ్గుతుంది. సుమారు 1,100 కిలోల కారు, అదే లోహంతో చేసినా, 80 గ్రాములకు దిగుతుంది. కొలత మారితే వస్తువు స్వభావమే మారుతుందని గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. కనుక నమూనా చేసేవాడు గుడ్డిగా నకలు తీయలేడు. ఏది ఉంచాలి, ఏది వదలాలి, ఏది కొంచెం లావుగా చేస్తేనే సరిగా కనిపిస్తుంది అని అడుగడుగునా తీర్పు చెప్పుకోవాలి. ఆ తీర్పు కోసం అసలు వస్తువును తెలుసుకోవాలి. తండ్రి కారు తలుపు కీలు ఎక్కడుందో, వెనుక చక్రం మీది రేకు ఎంత వంపు తిరిగిందో ఆ కొడుకుకు తెలిసినట్టు, దాన్ని రోజూ తుడిచే తండ్రికే తెలియకపోవచ్చు. అనుకరణ మనిషికి పుట్టుకతో వచ్చిన గుణమనీ, దాని ద్వారానే మనం మొదటి పాఠాలు నేర్చుకుంటామనీ ప్లేటో శిష్యుడైన అరిస్టాటిల్ అందుకే అన్నాడు.

నకలు సంగతి సరే, మార్పు సంగతేమిటి? కొందరు ఉన్నది ఉన్నట్టు చేయరు. పైకప్పు తగ్గిస్తారు, చక్రాలు వెడల్పు చేస్తారు, తమకిష్టమైన రంగు వేస్తారు. అమెరికాలో ఏఎమ్‌టీ అనే సంస్థ 1958 నుండి ఒకే పెట్టెలో మూడు రకాల భాగాలు పెట్టి అమ్మింది. అసలు కారులా చేసుకోవచ్చు, సొంత రూపం ఇచ్చుకోవచ్చు, పందెం కారుగా మార్చుకోవచ్చు. మన హైదరాబాద్‌లోనే ఈ స్వేచ్ఛను నిలువెత్తు రూపంలో చూడవచ్చు. బహదూర్‌పురాలో, జంతు ప్రదర్శనశాలకు దగ్గరలో, కె. సుధాకర్ 2010లో స్థాపించిన సుధా కార్ల మ్యూజియం ఉంది. క్రికెట్ బ్యాటు, బూటు, కెమెరా, ఫుట్‌బాల్ ఆకారాల్లో ఆయన చేసిన కార్లు అక్కడున్నాయి. వాటిలో చాలావరకు పాత ఇనుము, పనికిరాని భాగాలే. 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు గల మూడు చక్రాల సైకిలు చేసి ఆయన గిన్నిస్ రికార్డు సాధించారు. చిన్న కారు చేసేవాడు లోకాన్ని కుదిస్తాడు, ఈయన బూటును కారంత పెంచారు. దారులు వేరైనా సూత్రం ఒకటే. బూటు ఆకారంలో ఉన్నా అది నడవాలి, మలుపు తిరగాలి, బ్రేకు వేస్తే ఆగాలి. ఇంజను మన ఇష్టాయిష్టాలను గౌరవించదు. స్వేచ్ఛ అంటే నియమం లేకపోవడం కాదు, నియమం తెలిసినవాడు మాత్రమే దాన్ని అందంగా మలచగలడు అనడానికి ఇంతకంటే మంచి నిదర్శనం ఉందా?

అయినా ప్రయోజనమేమిటన్న ప్రశ్న అలాగే ఉంది. పునీత తోమా అక్వినాసు తన మహాగ్రంథంలో ఆట గురించి ప్రత్యేకంగా చర్చించాడు. శరీరం అలసిపోయినట్టే మనసూ అలసిపోతుంది, దానికి విశ్రాంతి ఆటపాటల్లో ఉంది అన్నాడు. అక్కడే ఒక పాత కథను ఉదహరించాడు. పునీత యోహాను తన శిష్యులతో ఆడుకుంటుండగా చూసి కొందరు నొచ్చుకున్నారట. అప్పుడాయన వారిలో విల్లు పట్టుకున్న ఒకణ్ణి బాణం వేయమన్నాడు. అతడు ఎన్నోసార్లు వేశాక, ఇలా ఎడతెగకుండా వేయగలవా అని అడిగాడు. వేస్తే విల్లు విరుగుతుంది అన్నాడతడు. మనసూ అంతేనని యోహాను జవాబు. అయితే తోమా అక్కడితో ఆగలేదు. ఆటకు కూడా హద్దు ఉండాలి, అది సమయానికీ, మనిషికీ తగినట్టు ఉండాలి అన్నాడు. ఆ తండ్రి కోపానికీ, ఆ కొడుకు సంతోషానికీ ఈ మాటల్లో చోటు ఉంది.

ఇక్కడ మరొక సూక్ష్మం ఉంది. నమూనా కార్లు చేసేవారిలో కొందరు ముందు మూతను శాశ్వతంగా అతికేస్తారు. అయినా దాని కింద ఇంజనును పూర్తిగా చేస్తారు, వైర్లతో సహా. మూత పడ్డాక దాన్ని ఎవరూ చూడరు. ఎందుకు చేసినట్టు? మెప్పు కోసమైతే కాదు. వస్తువుకు న్యాయం చేయాలన్న కోరిక ఒక్కటే మిగిలింది. ఎవరూ చూడని చోట సరిగా పని చేయడం అలవాటు పడిన చేయి రేపు గోడలో ఇటుకలు పేర్చేటప్పుడు, లెక్కలు రాసేటప్పుడు, రోగికి సూది వేసేటప్పుడు అక్కరకు వస్తుందని ఆశించవచ్చు.

ఆశించవచ్చు అన్నానే గాని, తప్పక వస్తుందనలేదు. పనితనం వేరు, మంచితనం వేరు అని కూడా తోమా చెప్పాడు. శిల్పిని శిల్పిగా మెచ్చుకునేది అతని పని బాగున్నందుకే, ఏ మనసుతో చేశాడన్నందుకు కాదు. గోరంత కార్బొరేటరును గంటలకొద్దీ ఓపికతో చేసేవాడు, పక్క గదిలో ముసలితల్లి మంచినీళ్లు అడిగితే విసుక్కోవచ్చు. వస్తువు మీద చూపిన శ్రద్ధ దానంతటదే మనిషి మీదికి ప్రవహించదు, దాన్ని మనమే మోసుకుపోవాలి. ఈ సరదాకు అసలైన పరీక్ష ఇక్కడే ఉంది.

మరొక ప్రమాదం కొనుగోలు. చేయడంలో మొదలైన ఇష్టం క్రమంగా కూడబెట్టడంలోకి జారుతుంది. విప్పని పెట్టెలు అటకెక్కుతాయి. అరుదైన బొమ్మకారుకు పెద్ద ధర పలుకుతుందని వినగానే, చేతిపని మరుగున పడి లెక్క మొదలవుతుంది. చేసేవాడికి వస్తువు పాఠం నేర్పుతుంది, కూడబెట్టేవాడికి అది వాడి ఆస్తిని మాత్రమే గుర్తు చేస్తుంది. తక్కువ డబ్బుతో, అట్టముక్కలతో చేసే కుర్రవాడు ఈ విషయంలో ధనవంతుని కొడుకు కంటే అదృష్టవంతుడే.

ప్రియ పాఠకులారా, ఇప్పుడు ఆ డ్రైవరు ఇంటికి మనం ఏ సలహా ఇద్దాం? తండ్రికి: అయ్యా, ఆ అట్టకారును విరగ్గొట్టవద్దు. దాని వెనుక ఉన్నది సోమరితనం కాదు, మీ బ్రతుకుతెరువును మీ బిడ్డ ఎంత దగ్గరగా చూశాడో చెప్పే సాక్ష్యం. సమయం నిర్ణయించండి, చదువుకు ఇంత, దీనికి ఇంత అని. ఆ తరువాత ఒక్క పావుగంట పక్కన కూర్చుని, ఈ చక్రం కొలత ఎలా కట్టావురా అని అడగండి. లెక్కల మాస్టారు నేర్పలేకపోయిన నిష్పత్తి పాఠాన్ని వాడు మీకు చెప్పవచ్చు.

కొడుకుకు: బాబూ, అసలు కారు మీ నాన్నగారి నడుం నొప్పితో, రాత్రి నిద్రతో నడుస్తోంది. నీ నమూనాలో ఏ కొలతా ఆ బరువును చూపలేదు. చిన్న కారు అద్దాలు తుడిచే ముందు వెళ్లి పెద్ద కారు అద్దాలు తుడువు. నాన్న లేచేసరికి టీ కాచి ఇవ్వు. ఆ తరువాత నీ బ్లేడు, నీ జిగురు తీసుకుని కూర్చుంటే నిన్ను తప్పుపట్టేవారెవరూ ఉండరు.